లేడీకాంట్

ఆ మాట మొదటిసారి విన్నప్పుడు విమలకుమారికి ఒళ్లు మండింది.

సెప్టెంబరు మూడో వారం. అమెరికాలో, బాతెల్ ఊళ్లో తన ఇంటి దగ్గర్నుంచి అరగంట డ్రైవ్ చేసుకుని, స్నోహోమిష్ లోయలో ఉన్న ఒక పాత పాడి ఫారానికి వెళ్లింది. కొత్త పేషెంటు. పేరు కార్నెలిస్ డెక్కర్, వయసు ఎనభై మూడు. వేసవిలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. గుండె కూడా బాగా బలహీనపడింది. ఇక ఆస్పత్రిలో చేసేదేమీ లేదని డాక్టర్లు తేల్చి చెప్పాక, కూతురు ఆయన్ని ఇంటికి తెచ్చుకుని హాస్పిస్‌లో చేర్పించింది. ఇక నయం కాదని తెలిసిన మనిషిని ఇంట్లోనే నొప్పి తెలియకుండా, పరువుగా చూసుకోవడం హాస్పిస్ నర్సు పని. విమల ఈ దేశం వచ్చాక పద్నాలుగేళ్లుగా ఆ పనే చేస్తోంది. అంతకుముందు హైదరాబాదులో ఐసీయూ, ఇంకా ముందు పాలకొల్లు దగ్గర మిషన్ ఆస్పత్రి. అంతా కలిపి ఇరవై నాలుగేళ్ల సర్వీసు.

వీపు మీద పుండ్లేమైనా పడుతున్నాయేమో చూద్దామని ఆయన్ని పక్కకి తిప్పబోయింది. ఆయన మనిషి భారీ. నలభై ఏళ్లు ఆవుల మధ్య బతికిన ఒళ్లు. విమల ఐదడుగులకి కాస్త ఎక్కువ. ఆమె మంచం మీదికి వంగగానే ఆయన ఎడమ చెయ్యి ఎత్తి, ఎటో చూపించి, గట్టిగా అన్నాడు:

“లేడీ కాంట్.”

విమల ఆగింది. ఆడమనిషి వల్ల కాదు అంటున్నాడు! చిన్నప్పటి నుంచీ ఈ మాట ఏదో ఒక భాషలో వింటూనే ఉంది. పోనీ ముసలాయన, చావుకి దగ్గరగా ఉన్నాడు అనుకుని సర్దుకోబోయింది గానీ ఆయన మళ్లీ అదే మాట. “లేడీ కాంట్. లేడీ కాంట్.” ఈసారి కళ్లల్లో నీళ్లు తిరిగేంత కోపంగా.

కింద పరిచిన దుప్పటి అంచు రెండు చేతులా పట్టుకుని, మోకాలు మంచానికి ఆనించి, ఒక్క లాగు లాగి ఆయన్ని పక్కకి తిప్పేసింది విమల. “లేడీ కెన్, సర్,” అంది నవ్వకుండా.

గుమ్మంలో నిలబడి చూస్తున్న కూతురు మార్లీన్ గబగబా లోపలికి వచ్చింది. ఆమెకి యాభై ఎనిమిదేళ్లు. స్పొకేన్‌లో ఏదో స్కూలు ఆఫీసులో ఉద్యోగం. తండ్రి కోసం సెలవు పెట్టి వచ్చి, ఆయన మంచం పక్కనే కిటికీ కింద మడత మంచం వేసుకుని పడుకుంటోంది. దాని గొట్టాలు వంగిపోయి, మధ్యలో గుడ్డ నేలకి జానెడు ఎత్తులో వేలాడుతోంది.

“అయ్యో, ఆయన మిమ్మల్ని అనలేదు విమలా. నన్నూ అలాగే అంటాడు, స్నానం చేయించడానికి వచ్చే మోహన్‌నీ అలాగే అంటాడు. అది ఆవు పేరు.”

“ఆవా?”

“మాకు లేడీ అని ఒక జెర్సీ ఆవు ఉండేది. నా చిన్నప్పుడు సంతలో దానికి ప్రైజు కూడా వచ్చింది. దాన్నే తలుచుకుంటున్నాడని నా అనుమానం.”

“మరి కాంట్?”

“అది మీకు కాంట్‌లా వినపడుతుందా? మేం క్యాంట్ అంటాం కదా. నాకైతే ఏదో ఇంటిపేరులా వినపడుతుంది,” అని మార్లీన్ నీరసంగా నవ్వింది. “స్పీచ్ థెరపిస్ట్ ముందే చెప్పాడు. మెదడు దెబ్బతింటే మాటలు చిందరవందర అయిపోతాయట. అర్థం వెతకొద్దన్నాడు. నవ్వి తలూపితే చాలట.”

బల్ల మీద మందుల పక్కన ఫ్రేమ్‌లో ఆవు ఫొటో ఒకటి ఉంది. మార్లీన్ అటక మీద వెతికి తెచ్చి పెట్టిందట. ఆయన దాన్ని ఒకసారి చూసి కళ్లు మూసుకున్నాడట.

ఆ రోజు తిరిగి వెళ్తూ విమల తన తొందరపాటుకి సిగ్గుపడింది. మనిషి ఏమన్నాడో తెలియకుండానే పౌరుషానికి పోయింది. తర్వాత రెండు వారాలూ ఆమె కూడా అందరిలాగే నవ్వి తలూపింది. ఆయన “లేడీ కాంట్” అంటే “అలాగే సర్” అనేది. అలా అన్న ప్రతిసారీ ఆయన మొహం గోడవైపు తిప్పుకునేవాడు.

* * *

అక్టోబరులో ఒక బుధవారం మధ్యాహ్నం. బయట వాన. మిస్టర్ డెక్కర్‌కి ఆ రోజు ఊపిరి బాగా ఎగబోస్తోంది. విమల మార్ఫీన్ చుక్కలు నాలుక కింద వేసి, అది పనిచేసేదాకా ఆయన ఎడమ చెయ్యి పట్టుకుని నిలబడింది. అలాంటప్పుడు ఆమెకి తెలియకుండానే పెదవులు కదులుతాయి. పరలోక ప్రార్థన. నరసాపురంలో సండే స్కూల్లో నాలుగేళ్ల వయసులో నేర్చుకున్న తెలుగులోనే వస్తుంది, ఇంగ్లీషులో ఎన్నిసార్లు చెప్పినా ఆ నెమ్మది రాదు. పైకి వినపడుతున్నట్టు కూడా ఆమెకి తెలియలేదు.

ఆయన కళ్లు తెరిచి ఆమె పెదవుల వైపే చూస్తున్నాడు. కాసేపటికి ఆయన పెదవులూ కదిలాయి. ఏదో గొణుగుడు. విమల ఆపలేదు. ఆయనా ఆపలేదు. ఆయన మాటల్లో ఒక్కటీ ఆమెకి అర్థం కాలేదు గానీ, ఆమె ఆగిన చోటే ఆయనా ఆగుతున్నాడు. మొదట చిన్న చిన్న ముక్కలు, తర్వాత అనుదినాహారం అడిగే చోట ఒక సాగతీత, క్షమాపణ దగ్గర రెండు సమానమైన ముక్కలు. చివరికి వచ్చేసరికి ఇద్దరూ ఒకేసారి “ఆమేన్” అన్నారు.

ఆమె నర్సు. మాట పోయినవాళ్లకి కూడా చిన్నప్పటి ప్రార్థనలూ పాటలూ మిగిలి ఉంటాయని ఆమెకి తెలుసు. అందుకని అదొక అద్భుతం అనుకోలేదు. ఆమెని పట్టి ఊపింది వేరే సంగతి. ఆయన చెప్పింది ఇంగ్లీషు కాదు.

వంటగదిలోకి వెళ్లి, సింకు దగ్గర చేతులు తుడుచుకుంటున్న మార్లీన్‌ని అడిగింది. “మీ నాన్నగారిది ఏ దేశం?”

“ఇక్కడే... అంటే, పుట్టింది హాలండ్‌లో. జీలాండ్ అని సముద్రం పక్కన ఊళ్లు. పన్నెండేళ్లప్పుడు వచ్చేశారు. ఎందుకు?”

“డచ్ మాట్లాడేవారా?”

“నేను ఎప్పుడూ వినలేదు. ఇంట్లో ఇంగ్లీషే అని ఆయన రూలు. వచ్చిన కొత్తలో స్కూల్లో ఆయన మాటని వెక్కిరించేవాళ్లట. నాకు పదేళ్లప్పుడు నేర్పించమని అడిగాను. ‘నీకెందుకు పనికొస్తుంది, వెళ్లి దూడలకి పాలు పట్టు’ అన్నాడు.”

“అయితే,” అంది విమల నెమ్మదిగా, “ఈ రెండు నెలల్లో ఆయన్ని ఎవరైనా డచ్‌లో ఏమైనా అడిగారా?”

మార్లీన్ చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. “లేదు,” అంది. “అందరం ఇంగ్లీషులోనే అడుగుతున్నాం.”

* * *

హాస్పిస్‌వాళ్లకి ఫోన్‌లో దుభాషీల ఏర్పాటు ఉంది. స్పానిష్‌కీ వియత్నమీస్‌కీ విమల రోజూ వాడుతూనే ఉంటుంది. డచ్ కావాలంటే అవతలి అమ్మాయి రెండుసార్లు అడిగి రాసుకుంది. పది నిమిషాలు ఏదో సంగీతం వినిపించాక ఒక పెద్దావిడ గొంతు వచ్చింది.

“గుడ్ ఆఫ్టర్‌నూన్. ఇంటర్‌ప్రెటర్ నంబర్ ఫోర్ వన్ సెవెన్. డచ్.”

విమల ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఆయన దిండు పక్కన ఉంచింది. “నొప్పి ఏమైనా ఉందేమో అడగండి ప్లీజ్.”

ఆ గొంతు డచ్‌లో అడిగింది. మిస్టర్ డెక్కర్ తల చటుక్కున ఇటు తిరిగింది, అటు తిరిగింది. గదిలో ఎవరో వచ్చారనుకున్నట్టు గుమ్మం వైపు చూశాడు. ఎడమ చేత్తో మంచం కడ్డీ గట్టిగా పట్టుకున్నాడు. ఏదో అన్నాడు.

“ఎవరది, అంటున్నారు,” అంది దుభాషి. ఆవిడే ఆయనకి ఏదో చెప్పింది. ఆయన మళ్లీ మాట్లాడాడు. ఒక్కో మాటా రాయి ఎత్తినట్టు ఎత్తి పెడుతున్నాడు, కానీ పెడుతున్నాడు. “ఛాతీలో నొప్పి లేదట. కుడి భుజం నొప్పట. పడుకోబెట్టేటప్పుడు చెయ్యి కిందకి వేలాడుతుందట. ఎవరూ చూడటం లేదట.”

విమల వెంటనే ఒక దిండు తీసి ఆ చేతి కింద పెట్టింది. పక్షవాతం వచ్చిన భుజానికి ఆసరా ఇవ్వాలని నర్సింగ్ మొదటి ఏడాదిలోనే నేర్పుతారు. ఆయన ఎటూ స్పర్శ తెలియదన్నట్టు ఉంటే, మూడు వారాలుగా ఆమె దాన్ని అలాగే వదిలేసింది.

చెయ్యి దిండు మీదికి చేరగానే ఆయన ఎడమ చెయ్యి ఎత్తి కిటికీ వైపు చూపించాడు. “లేడీకాంట్.”

“ఇదిగో ఇదే!” అంది మార్లీన్. “రోజుకి యాభైసార్లు ఇదే మాట.”

“మంచం,” అంది దుభాషి. “మంచం అంటున్నారు. బాగా పాత మాట. ఇప్పుడు అందరూ బెడ్ అనే అంటారు. మా అమ్మమ్మ అనేది ఇలాగ.”

విమలా, మార్లీనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన ఈ హాస్పిటల్ మంచం వద్దంటున్నాడు కాబోలు అనుకుంది విమల. ఇంకా ఏమంటారో అడగమంది. ఈసారి ఆయన చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో ఊపిరి అందక ఆగాడు. దుభాషి అడ్డు రాకుండా అంతా విని, తర్వాత ఆయన మాటల్లోనే చెప్పింది:

“‘మా అమ్మాయి సిపాయిల మంచం మీద పడుకుంటోంది. మా అమ్మా ఈ దేశం వచ్చాక దాని మీదే పడుకుంది. మూడేళ్లు. నడుం పోయింది, లేవలేకపోయింది. లేడీకాంట్ ఉంది కదా. తీసి బిగించండి. నాకు కాదు. మార్లీన్‌కి.’”

మార్లీన్ అక్కడే, ఆ మడత మంచం మీదే కూలబడింది. ఆయన వేలు ఇన్నాళ్లూ కిటికీని కాదు, ఆ మంచాన్నే చూపిస్తోంది. ఆమె రెండు నెలల రాత్రులు దాని మీద ముడుచుకుని పడుకోవడం ఆయన పక్కనే పడుకుని చూస్తూ, చెబుతూ ఉన్నాడు. వాళ్లు ఆవు ఫొటో తెచ్చి పెట్టారు.

చార్టులో రాయాలి కాబట్టి విమల ఆ మాటకి స్పెల్లింగ్ అడిగింది. దుభాషి ఒక్కో అక్షరం చెప్తుంటే మార్లీన్ లేచి నిలబడింది.

“ఆ అక్షరాలు నేను చూశాను. గడ్డి కొట్టం పైన, నానమ్మ పెట్టె మీద నల్లరంగుతో రాసి ఉంటాయి. అది ఓడ కంపెనీ పేరనుకున్నాను ఇన్నేళ్లూ!” అంటూనే వానలో గొడుగు కూడా లేకుండా బయటికి పరుగెత్తింది.

విమల ఫోన్ పెట్టేయబోతుంటే ఆ పెద్దావిడ, “ఒక్క మాట,” అంది. “మేం సొంత కబుర్లు చెప్పకూడదు. కానీ నేను బెల్జియంలో చాలా ఏళ్లు స్కూల్లో డచ్ భాష చెప్పాను. ఉండబట్టడం లేదు.”

“చెప్పండి.”

“ఈ మాట మాది కాదు. ఫ్రెంచ్‌వాళ్ల దగ్గర తెచ్చుకున్నాం, నాలుగైదు వందల ఏళ్ల కిందట. వాళ్ల మాట లీ-ద-కాఁ. లీ అంటే మంచం, కాఁ అంటే సైన్యం దిగే విడిది. యుద్ధానికి వెళ్లే దొరలు విప్పి బండిలో వేసుకుపోయే మంచం అన్నమాట. మావాళ్లకి ఫ్రెంచ్ నోరు తిరగక, చెవికి ఎలా వినపడితే అలా అన్నారు. లేడ్ అంటే మాకు ఒంట్లో అవయవం గుర్తొస్తుంది, కాంట్ అంటే పక్క. ఒళ్లు వాల్చే పక్క కదా, కుదిరిందిలే అనుకుని ఉంటారు. యుద్ధం పోయింది, బండి పోయింది. మా అమ్మమ్మ నాటికి లేడీకాంట్ అంటే నాలుగు స్తంభాలు, పైన కప్పు, చుట్టూ తెరలు ఉన్న పెద్ద మంచం. పెళ్లిలో తెచ్చుకుంటే చచ్చేదాకా ఆ గదిలోంచి కదలదు.”

“అంటే,” అంది విమల మడత మంచం వైపు చూస్తూ, “ఆయన వద్దంటున్న ఈ సిపాయిల మంచం...”

“మొదట్లో ఆ పేరు దానిదే,” అని నవ్వింది ఆవిడ. “మాటలు కూడా మనుషుల్లాగే కదమ్మా. బయల్దేరినప్పుడు ఒకటి, చేరినప్పుడు ఒకటి.” వెంటనే గొంతు సర్దుకుని, “ఇంటర్‌ప్రెటర్ ఫోర్ వన్ సెవెన్, థాంక్యూ,” అని పెట్టేసింది.

* * *

కారులో వస్తూ విమల అదే ఆలోచించుకుంది. మడత మంచం పేరు పందిరి మంచానికి వచ్చింది. అలా తెలుగులో అనుకోగానే ఆ సంగతి మొత్తం చేతికి అందినట్టయింది. పందిరి మంచం అన్న మాట తను పైకి అని ఎన్నేళ్లయిందో. ఇక్కడ ఎవరితో అనాలి? ఇంట్లో సుందర్ రాజ్‌తో వీసా గురించీ ఆఫీసు గురించీ మాట్లాడటానికి ఇంగ్లీషు సరిపోతుంది. కూతురు ఎలీనాకి పదహారేళ్లు. దానికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. మూడేళ్లప్పుడు దానికి మాటలు ఆలస్యమవుతున్నాయని ప్రీస్కూల్ టీచరు ఇంట్లో ఒకే భాష మాట్లాడమంది. సరే అన్నారు. తర్వాత మాటలు గలగలా వచ్చాయి. తెలుగు మళ్లీ మొదలుపెట్టడం మాత్రం ఇద్దరూ మర్చిపోయారు.

సాయంత్రం అన్నం తింటూ విమల పేషెంటు పేరు చెప్పకుండా ఆ కథంతా చెప్పింది. సుందర్ రాజ్ ముద్ద కలపడం ఆపి విన్నాడు. ఎలీనా కూడా ఫోన్ పక్కన పెట్టింది.

“అదేనే ఎలీనా, నాకూ రేపు అలా జరిగి, తెలుగు ఒక్కటే మిగిలిందనుకో. దాహం అన్నాననుకో, దుప్పటి కప్పమన్నాననుకో. నీకు తెలుస్తుందా?”

“దుప్పటి తెలుసు మమ్మీ. బ్లాంకెట్.”

“పోనీ, వెక్కిళ్లు వస్తున్నాయి అంటే?”

ఎలీనా తల అడ్డంగా ఊపింది. “ఇంటర్‌ప్రెటర్ ఉంటారు కదా మమ్మీ. నువ్వే చెప్పావు, పది మినిట్స్‌లో వచ్చేస్తారు.”

అది వెటకారం కాదు. నిజంగా ధైర్యం చెప్పడానికే అంది. విమల “అవును, ఉంటారు” అని గిన్నెలు తీసింది. సింకులో నీళ్లు తిప్పాక గానీ కళ్లు తుడుచుకోలేదు.

సుందర్ రాజ్ వెనకాలే వచ్చి గిన్నెలు అందుకున్నాడు. “పిల్లదాన్ని ఏమనకు. మనమే కదా మానేశాం.”

“నేను దాన్నేమైనా అన్నానా అండీ?”

“అనలేదు. అందుకే చెప్తున్నా,” అన్నాడు. కాసేపాగి హాల్లోకి కేకేశాడు, “ఎలీనా! వెక్కిళ్లు అంటే హికప్స్. నా చిన్నప్పుడు మా నాన్నమ్మ నాకు వెక్కిళ్లు వస్తే ఏం చేసేదో తెలుసా?” అని అక్కడికి వెళ్లి మొదలుపెట్టాడు. విమల చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఆయన గ్లాసుడు నీళ్లు పట్టుకుని, ఏడు గుక్కలు ఎలా లెక్కపెట్టాలో తెలుగులో చేసి చూపిస్తున్నాడు. ఎలీనా పడీ పడీ నవ్వుతోంది.

* * *

సోమవారం విమల వెళ్లేసరికి ఆ గది మారిపోయింది. పక్క ఫారం అన్నదమ్ములిద్దరు వచ్చి పెట్టెని కొట్టం పైనుంచి దింపి, మేకులు పీకి, ఒక పగలంతా కూర్చుని బిగించారట. మర మేకు ఒక్కటి లేదు, అన్నీ కొయ్య సీలలే. చెక్కల మీద సుద్దతో అంకెలు వేసి ఉన్నాయి. ఆ చేతిరాత నానమ్మదే అయి ఉంటుందంది మార్లీన్. నాలుగు ఓక్ స్తంభాలు మనిషెత్తున ఉన్నాయి. తెరలు లేవు, కప్పూ లేదు, బహుశా అక్కడే వదిలేసి ఉంటారు. స్తంభాల అడుగున మోకాలెత్తున ఒక తెల్లటి చార కనిపిస్తోంది.

ఆ చార సంగతి ఆ రోజు దుభాషి ద్వారా ఆయనే చెప్పాడు. పందొమ్మిది వందల యాభై మూడులో సముద్రం గట్లు తెంచుకుని ఊళ్ల మీద పడ్డప్పుడు ఇంట్లోకి వచ్చిన ఉప్పునీటి గుర్తు అది. ఆయనా చెల్లెలూ ఆ మంచం ఎక్కి కూర్చున్నారు. ఆ ఏడాది తర్వాతే ఓడ ఎక్కారు. ఇక్కడ మొదట్లో వేరేవాళ్ల ఫారంలో పాలు పితికే పని, ఒక్క గది. మిలటరీవాళ్లు అమ్మేసిన మడత మంచాలు కొన్నారు. సొంత ఇల్లు వచ్చాక గానీ లేడీకాంట్ విప్పనని తల్లి పట్టుబట్టింది. సొంత ఇల్లు వచ్చేలోగా ఆమె పోయింది. ఆ తర్వాత పెట్టె ముట్టుకోవడానికి ఇంట్లో ఎవరికీ మనసొప్పలేదు.

“పరుపు సరిపోయిందా?” అని మార్లీన్‌ని అడిగింది విమల.

“పొట్టి మంచం. నా కాళ్లు బయటికి వస్తున్నాయి,” అంది మార్లీన్. “కానీ రెండు రోజులుగా ఆయన ఆ మాట అనలేదు. పొద్దున లేచి చూస్తే నన్నే చూస్తున్నాడు.”

అప్పటి నుంచీ విమల వెళ్లిన ప్రతిసారీ దుభాషి ఉండేలా ముందే బుక్ చేసింది. నొప్పి, మందులు, విరేచనం అన్నీ అడిగాక ఇంకో పావుగంట మార్లీన్‌కి వదిలేసేది. మార్లీన్ ఫోన్‌లో ఏదో యాప్ పెట్టుకుని ఇరవై, ముప్పై మాటలు నేర్చి, కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించింది. నీళ్లు, దిండు, చలి, చాలు. ఆమె పలికే తీరుకి ఆయన మూతి ఎడమ వైపు నుంచి నవ్వేవాడు. ఒకరోజు ధైర్యం చేసి దుభాషితో అడిగించింది: నాకెందుకు నేర్పలేదు?

ఆయన జవాబు ఒక్క వాక్యం. దుభాషి చెప్పింది.

“‘ఇంగ్లీషు సరిపోతుందనుకున్నాను.’”

మార్లీన్ వెళ్లి ఆయన కాళ్ల మీద దుప్పటి సర్దింది.

* * *

నవంబరులో, థ్యాంక్స్‌గివింగ్ పండక్కి పది రోజుల ముందు మిస్టర్ డెక్కర్ తినడం మానేశాడు. రోజు గడిచేకొద్దీ నిద్ర పెరిగింది. గురువారం పొద్దున పది గంటలకి విమల వెళ్లేసరికి ఊపిరి తీరు మారిపోయింది. కొంతసేపు వేగంగా, తర్వాత ఆగిపోయినంత పని. ఇక ఇవాళో రేపో అని మార్లీన్‌కి చెప్పింది. మార్లీన్ తలూపి, తండ్రి చెవి దగ్గరికి వంగి, ఇంగ్లీషులోనే అంది, “పడుకో డాడ్. నేనిక్కడే ఉన్నాను. పడుకో.”

ఆయన కళ్లు తెరవలేదు. పెదవులు మాత్రం కదిలాయి. ఒక్క మాట. స్పష్టంగానే వినపడింది.

మార్లీన్ విమల వైపు చూసింది. “ఏమన్నాడు?”

ఫ్రిజ్ మీద ఉన్న మాటల్లో అది లేదు. దుభాషి కోసం ఫోన్ చేస్తే లైన్ దొరకలేదు, ఇరవై నిమిషాలు పడుతుందన్నారు. విమల తన డైరీ వెనక పేజీలో ఆ మాట రాసుకుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాయబోయి ఆగింది. ఎలా రాసినా తర్వాత ఇంకోలా చదువుకునేలా ఉంది. తెలుగులో రాసింది. ‘స్ట్రాక్స్’. విన్నది విన్నట్టు కుదిరింది.

ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు. విమల మిగతా విజిట్లు వేరే నర్సు మీనాకి అప్పగించి అక్కడే ఉండిపోయింది. మధ్యాహ్నం రెండు దాటాక, బయట వాన కాస్త తెరిపి ఇచ్చినప్పుడు, ఆయన ఊపిరి ఆగింది. విమల స్టెతస్కోపు పెట్టి నిమిషం నిండా విని, టైము చూసి రాసుకుంది. మార్లీన్‌తో కలిసి ఆయనకి ఒళ్లు తుడిచి శుభ్రమైన చొక్కా వేసింది. కుడి చెయ్యి దిండు మీదే ఉంచింది.

కబురు అందుకోవలసిన వాళ్లందరికీ ఫోన్లు చేయడం అయ్యాక మార్లీన్ వచ్చి, తన కాళ్లు పట్టని ఆ మంచం అంచున కూర్చుంది. “ఆ మాట ఏమిటో తెలుసుకుందామా?” అంది.

ఈసారి దుభాషి మగవాడు, కుర్రగొంతు, హడావిడి మనిషి. విమల డైరీ తెరిచి, తెలుగు అక్షరాలు చూస్తూ చదివింది.

“ఇంకోసారి చెప్పండి,” అన్నాడు అతను. చెప్పింది. “ఓ, అదా. చాలా మామూలు మాట. కాసేపాగి అని. ఇప్పుడే కాదు, కొంచెం ఆగి. పిల్లలు నిద్రపొమ్మంటే అంటారు చూడండి, అలాగ.”

“అంతేనా?” అంది మార్లీన్.

“అంతేనండి.”

మార్లీన్‌కి ముందు నవ్వు వచ్చింది. భోజనానికి పిలిచినా, డాక్టరు దగ్గరికి బయల్దేరదీసినా, చచ్చిపోయేముందు పడుకోమన్నా ఆయనది ఒకటే జవాబు అంటూ నవ్వింది. ఆ నవ్వులోనే ఏడుపు వచ్చేసింది. విమల పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది. ఫోన్‌లో కుర్రాడు ఇబ్బందిగా దగ్గి, “ఇంకేమైనా అడగాలా మేడమ్?” అన్నాడు.

మార్లీన్ కళ్లు తుడుచుకుంది. “ఆ మాట నెమ్మదిగా ఇంకోసారి అనండి,” అంది.

అతను అన్నాడు. ఆమె అంది. మొదట్లో ఉన్న హల్లులన్నీ ఒకదాని మీద ఒకటి పడి నాలుక తిరగలేదు. అతను మళ్లీ అన్నాడు, ఈసారి తొందరపడకుండా. నాలుగోసారికి సరిగ్గా వచ్చింది.